లక్క గాజులైనా, ట్యాంక్‌బండ్ బుద్ధుడైనా: ఇంట్లో వస్తువులతో మంచి ఫొటో ఎలా తీయాలి?

లాడ్ బజార్‌ షాపులో ధగధగలాడిన రాళ్ల గాజులు ఇంటికొచ్చి ఫోన్‌తో ఫొటో తీస్తే వెలవెలబోతాయి. తప్పు ఫోన్‌ది కాదు, వెలుతురుది. లక్కలో పొదిగిన ఒక్కో రాయీ చిన్న అద్దం లాంటిది. ఫ్లాష్ కొట్టామా, ఫొటో నిండా తెల్లటి చుక్కలే. ఆ వెలుతురును దారికి తెచ్చే సామానంతా ఇంట్లోనే ఉంటుంది.

1. పగటిపూట కిటికీ పక్కన స్టూల్ వేసుకోండి. గదిలో లైట్లన్నీ ఆర్పేయండి. లేదంటే గాజు ఒకవైపు నీలంగా, ఇంకోవైపు పసుపుగా వస్తుంది. ఎండ సూటిగా పడుతుంటే కిటికీకి తెల్ల పంచె ఒక పొర కట్టండి. రంగు కర్టెన్ మాత్రం వద్దు, ఆ రంగంతా గాజుల మీదికి దిగుతుంది.

2. తెల్ల చార్ట్ పేపర్ పై అంచును గోడకు టేపుతో అంటించి, కింది భాగాన్ని మడత పడకుండా వంచి స్టూల్ మీదికి పరవండి. అంచులు లేస్తుంటే బట్టల క్లిప్పులు ఉన్నాయిగా.

3. గాజు నిలబడాలంటే వెనక శెనగ గింజంత చపాతీ పిండి ముద్ద పెట్టండి. కెమెరాకు కనిపించదు. పిండి కాస్త గట్టిగా ఉండాలి, జారుగా ఉంటే గాజు మెల్లగా వెనక్కి వాలిపోతుంది.

4. అసలు కిటుకు ఇక్కడుంది. కిటికీకి ఎదురువైపు, గాజుకు జానెడు దూరంలో థర్మాకోల్ షీట్ నిలబెట్టండి. కిటికీ వెలుతురు దానికి తగిలి వెనక్కొచ్చి నీడను పలచబరుస్తుంది. షీట్‌ను ముందుకూ వెనక్కూ జరుపుతూ ఫోన్ స్క్రీన్ మీదే గమనించండి. నీడ మొత్తం పోగొట్టేయకండి, గాజు గుండ్రదనం తెలిసేది దానివల్లే. రాళ్లు ఇంకా మెరవాలంటే రొట్టెలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌ను నలిపి, మళ్లీ విప్పి, అట్టముక్కకు చుట్టి వాడండి. నలపకపోతే వెలుతురు ఒకేచోట కొట్టొచ్చినట్టు పడుతుంది.

5. లెన్స్‌ను మెత్తటి నూలుగుడ్డతో తుడవండి. స్క్రీన్ మీద గాజును తాకి, వెలుతురు కొంచెం తగ్గించి తీయండి. మరీ దగ్గరికెళ్తే ఫోకస్ కుదరదు. కాస్త వెనక్కి జరిగి తీసి, తర్వాత క్రాప్ చేసుకోండి.

ఇక రాత్రి ఫొటోలు. హుస్సేన్ సాగర్ మధ్యలో 1992లో నిలిపిన ఏకశిలా బుద్ధ విగ్రహాన్ని లైట్ల వెలుగులో తీయాలంటే ఫోన్ కదలకూడదు. ట్రైపాడ్ కొనక్కర్లేదు. గుడ్డ సంచిలో కిలో బియ్యం పోసి, మూడోవంతు ఖాళీ వదిలి మూతి కట్టండి. నిండా పోస్తే బియ్యం సర్దుకోదు, ఫోన్ కుదురుగా కూర్చోదు. సంచి మధ్యలో గుంట చేసి ఫోన్‌ను అడ్డంగా ఆనించి, నైట్ మోడ్, 3 సెకన్ల టైమర్ పెట్టండి. బటన్ నొక్కినప్పటి కుదుపు టైమర్ పూర్తయ్యేలోపు ఆగిపోతుంది. సంచిని సన్నటి రైలింగ్ మీద పెట్టొద్దు, వెడల్పుగా ఉన్న గట్టు చూసుకోండి. అవతల ఉన్నది సాగర్!