హార్డ్‌డిస్క్ నుంచి హార్డ్‌డిస్క్‌కి: కాపీ ఎక్కడ ఆగిందో చూస్తే ఎందుకు ఆగిందో తెలుస్తుంది

పెళ్లి వీడియో 600 జీబీ. రెండు కెమెరాల క్లిప్పులు, డ్రోన్ షాట్లు, వాటికి తోడు వేలకొద్దీ ఫొటోలు. పాత డిస్క్ నిండిపోయింది కాబట్టి కొత్తది కొని, రెండూ ల్యాప్‌టాప్‌కి పెట్టి ఫోల్డర్ లాగి వదిలేశారు. కాసేపు సెకనుకి 120 ఎంబీ చూపించింది. తర్వాత 15కి పడింది. చివరికి సున్నా దగ్గర కూర్చుంది. ఇలాంటప్పుడు చాలామంది కేన్సిల్ కొట్టి, కేబుల్ పీకి, మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు. అలా చేస్తే జబ్బేమిటో ఎప్పటికీ తెలియదు. మొదట్లోనే ఆగిందా, కొంతదూరం వెళ్లాక నెమ్మదించిందా, ప్రతిసారీ ఒకే ఫైల్ దగ్గర ఆగుతోందా అన్నది ముందు చూసుకోండి. వీటిలో ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంటుంది.

ఏం చేసినా కాపీయే చేయండి, కట్ పేస్ట్ వద్దు. కట్ మధ్యలో ఆగితే ఫైళ్లు సగం ఇక్కడ, సగం అక్కడ మిగులుతాయి. ఏది ఎక్కడుందో వెతుక్కోవడానికి కాపీకి పట్టినదానికన్నా ఎక్కువసేపు పడుతుంది.

మామూలుగా ఎంతసేపు పట్టాలో ముందే లెక్కేసుకోండి. మంచి పోర్టబుల్ డిస్క్ యూఎస్‌బీ 3.0 మీద సెకనుకి 100 ఎంబీ రాస్తే, 600 జీబీకి గంటా నలభై నిమిషాలు. అదే యూఎస్‌బీ 2.0 మీద సెకనుకి 35 ఎంబీ చొప్పున నాలుగు గంటల ముప్పావు. డిస్క్ నిండేకొద్దీ రాత లోపలి వలయాల్లోకి జరుగుతుంది కాబట్టి వేగం మెల్లగా తగ్గుతుంది. అది సహజం.

మొదటినుంచీ చివరిదాకా సెకనుకి 30-40 ఎంబీ దగ్గరే ఉంటే

డిస్క్ మంచిదే, దారే ఇరుకు. ఎక్కడో ఒకచోట యూఎస్‌బీ 2.0 ఉంది: పోర్ట్, హబ్ (ఒక పోర్ట్‌ని నాలుగైదు చేసే పెట్టె) లేదా కేబుల్. పోర్టబుల్ డిస్క్‌కి ఉండే వెడల్పాటి సాకెట్‌ని దగ్గరగా చూడండి. పక్కపక్కనే రెండు భాగాలు కనిపిస్తాయి. పెద్ద భాగం అచ్చం పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఛార్జింగ్ పిన్ ఆకారమే. ఆ ఫోన్ కేబుల్ అందులో చక్కగా పడుతుంది, డిస్క్ తెరుచుకుంటుంది కూడా. వేగం మాత్రం 2.0దే, ఎందుకంటే 3.0కి కావలసిన అదనపు తీగలు పక్కనున్న చిన్న భాగంలో ఉంటాయి. టైప్-సి కేబుళ్ల సంగతీ అంతే. ఫోన్ ఛార్జర్‌తో వచ్చినవి చాలావరకు డేటాకి 2.0 వేగమే ఇస్తాయి. డిస్క్‌తో వచ్చిన కేబులే వాడండి.

కేబుల్, పోర్ట్ రెండూ సరైనవే అయినా ఒక్కోసారి 2.0గానే గుర్తిస్తుంది. కంప్యూటర్ వైపు పిన్‌ని మెల్లగా నెడితే ముందు తగిలేవి పాత నాలుగు కాంటాక్టులు, కొత్త ఐదూ లోపలికి ఉంటాయి. ఆ రెంటి మధ్య ఆలస్యమైతే కంప్యూటర్ దాన్ని 2.0 కిందే కట్టేస్తుంది. ఎజెక్ట్ చేసి, తీసి, ఒక్క ఊపున లోపలికి నెట్టండి.

పెద్ద ఫైల్ మొదలుకాకముందే తిరగ్గొడితే

ఫైల్ టూ లార్జ్ అని మెసేజ్ వచ్చి, డిస్క్‌లో మాత్రం బోలెడు ఖాళీ ఉంటే, అది ఫ్యాట్32 ఫార్మాట్ (డిస్క్‌లో ఫైళ్లని అమర్చే పాత పద్ధతి). అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ లోపే ఉండాలి. ప్రాపర్టీస్‌లో ఫైల్ సిస్టమ్ దగ్గర చూస్తే తెలుస్తుంది. విండోస్‌లోనే వాడేటట్టయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టండి. మ్యాక్‌లో కూడా రాయాలంటే ఎక్స్‌ఫ్యాట్ కావాలి, ఎందుకంటే మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని చదువుతుంది కానీ దానిమీద రాయదు. ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నలింగ్ (చేయబోయే మార్పుల్ని ముందే రాసుకునే చిట్టా) లేదు. రాస్తుండగా కేబుల్ ఊడితే ఫోల్డర్లే చెదిరిపోవచ్చు. ఫార్మాట్ చేసేటప్పుడు అలొకేషన్ యూనిట్‌ని (ఒక ఫైల్‌కి ఇచ్చే కనీస స్థలం) డిఫాల్ట్‌గానే వదిలేయండి. అక్కడ 1 ఎంబీ పెడితే 10 కేబీ ఫైల్ కూడా 1 ఎంబీ తింటుంది. ఫార్మాట్ చేస్తే ఉన్నదంతా పోతుందని వేరే చెప్పక్కర్లేదు.

బాగా మొదలై, కొంత దూరం వెళ్లాక చతికిలబడితే

మొదటి కొన్ని సెకన్లు సెకనుకి 300, 400 ఎంబీ చూపిస్తే సంబరపడకండి. అది ర్యామ్‌లోకి పోతున్న వేగం. అసలు సంగతి చాలా జీబీలు వెళ్లాక బయటపడుతుంది.

ఇప్పుడు దొరికే పోర్టబుల్ డిస్కుల్లో చాలావాటిది ఎస్‌ఎంఆర్ పద్ధతి. పెంకుటింటి కప్పు మీద పెంకులు ఒకదాని అంచు మీద ఇంకోటి పరిచినట్టు ఇందులో ట్రాకులు ఒకదానిమీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పైవాటిని లేపి మళ్లీ పరచాలి కదా, ఈ డిస్క్ పని కూడా అదే. అందుకే వచ్చిన డేటాని ముందు ఒక మామూలు స్థలంలో పడేసుకుని, తీరిగ్గా సర్దుకుంటుంది. ఆ స్థలం నిండితే రాస్తూ సర్దాలి, సర్దుతూ రాయాలి. వేగం 10-20కి దిగుతుంది, మధ్యమధ్య సున్నా కూడా చూపిస్తుంది. డిస్క్ చెడిపోలేదు. 100-150 జీబీ చొప్పున విడతలుగా కాపీ చేసి, విడతకీ విడతకీ మధ్య ఇరవై నిమిషాలు డిస్క్‌ని తీయకుండా ఖాళీగా వదలండి. ఒకేసారి రెండు కాపీ విండోలు మాత్రం తెరవొద్దు. చదివే హెడ్ అటూ ఇటూ పరుగులు తీసి రెండూ నత్తనడకే నడుస్తాయి.

ఫొటోల ఫోల్డర్ దగ్గరే నెమ్మదిస్తుంటే అది చిన్న ఫైళ్ల బెడద. ప్రతి ఫైల్‌కీ పేరు, తేదీ, స్థలం విడిగా రాయాలి, పైగా యాంటీవైరస్ ఒక్కోదాన్నీ తెరిచి చూస్తుంది. అలాంటి ఫోల్డర్‌ని కంప్రెషన్ లేకుండా ఒకే జిప్‌గా ల్యాప్‌టాప్ డిస్క్‌లో కట్టి, దాన్ని పంపండి.

99 శాతం దగ్గర నిలబడితే ర్యామ్‌లో మిగిలినది డిస్క్‌లోకి దిగుతోందన్నమాట. డిస్క్ లైటు వెలుగుతున్నంతసేపు ముట్టుకోకండి.

డిస్క్ ఉన్నట్టుండి మాయమైతే

ప్రతిసారీ వేరే చోట తెగితే అనుమానించాల్సింది కరెంటు. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీయాంప్స్, 3.0 ఇచ్చేది 900. అడాప్టర్ లేని ఒకే హబ్‌కి రెండు డిస్కులు తగిలిస్తే ఆ కొంచెమే రెండూ పంచుకోవాలి. రెంటినీ ల్యాప్‌టాప్‌కే వేర్వేరు పోర్టులకి పెట్టండి, లేకపోతే అడాప్టర్ ఉన్న హబ్ వాడండి. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ని (పోర్టుల్ని నిద్రపుచ్చే సెట్టింగ్) డిసేబుల్ చేసి, స్లీప్‌ని నెవర్‌లో ఉంచి, అప్‌డేట్లని పాజ్ చేయండి. అడాప్టర్‌తో నడిచే పెద్ద డిస్క్ అయితే దాన్ని కూడా యూపీఎస్‌కి తగిలించాలి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది కానీ ఆ డిస్క్ నడవదు. విండోస్ తప్పుల చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో 157 కనిపిస్తే డిస్క్ హఠాత్తుగా ఊడినట్టు, 7 కనిపిస్తే బ్యాడ్ బ్లాక్, అంటే డిస్క్‌లో చెడిన చోటు.

ప్రతిసారీ ఒకే ఫైల్ దగ్గర ఆగితే

తొందర పనికిరానిది ఇక్కడే. సైక్లిక్ రిడండెన్సీ చెక్ అన్న మెసేజ్ వచ్చిందంటే పాత డిస్క్ ఆ ఫైల్‌ని సరిగ్గా చదవలేకపోతోందని అర్థం. ముందు కేబుల్ మార్చి చూడండి. ఆగే చోటు మారితే తప్పు కేబుల్‌ది. అదే ఫైల్ దగ్గర ఆగితే తప్పు డిస్క్‌ది. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో 05, సి5, సి6 వరసలు చూడండి. సి5లో సున్నా కాకుండా ఏదైనా ఉంటే, చదవడం కుదరక పక్కన పెట్టిన సెక్టర్లు (డేటా ఉండే చిన్న గళ్లు) ఉన్నాయన్నమాట.

అప్పుడు విండోస్‌లో డిస్క్‌ని పరీక్షించే చెక్‌డిస్క్‌ని స్లాష్ ఆర్ పెట్టి నడపమని చాలామంది సలహా ఇస్తారు. డేటా బయటపడకముందు అది చేయొద్దు. ఓపిక లేని డిస్క్‌తో గంటలకొద్దీ గుంజీలు తీయించడమే అది. పోతే మళ్లీ రానివి ముందు కాపీ చేయండి, మొండికేసే ఫైల్‌ని వదిలి ముందుకెళ్లండి. ఆ ఫైల్ కూడా కావాల్సిందే అయితే లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూతో డిస్క్ మొత్తాన్ని మూడో డిస్క్‌లోకి ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీయాలి. అది తేలిగ్గా చదవగలిగినవన్నీ ముందు తీసుకుని, దెబ్బతిన్న చోట్లకి చివర్లో తిరిగొస్తుంది. డిస్క్ టిక్ టిక్ మని కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే తీసేసి డేటా రికవరీ వాళ్లకి ఇవ్వండి.

మొండి ఫైళ్లని దాటుకుంటూ పోవడానికి విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ మేలు. కమాండ్ ప్రాంప్ట్‌లో పాత ఫోల్డర్, కొత్త ఫోల్డర్ ఇచ్చి, స్లాష్ ఇ (లోపలి ఫోల్డర్లతో సహా), స్లాష్ జె (పెద్ద ఫైళ్లు ర్యామ్‌లో ఆగకుండా), స్లాష్ ఆర్ కోలన్ 2 (మళ్లీ ప్రయత్నించేది రెండేసార్లు), స్లాష్ డబ్ల్యూ కోలన్ 5 (మధ్యలో 5 సెకన్ల ఆగుడు) చేర్చండి. చివరి రెండూ మరిచిపోవద్దు. అవి లేకపోతే చదవలేని ఒక్క ఫైల్ కోసం 30 సెకన్లకోసారి పది లక్షలసార్లు ప్రయత్నిస్తుంది. మధ్యలో తెగినా అదే కమాండ్ మళ్లీ ఇస్తే పూర్తయినవి వదిలేసి మిగతావే కాపీ చేస్తుంది. స్లాష్ ఎంఐఆర్ జోలికి వెళ్లొద్దు. పాతదాంట్లో లేని ప్రతిదాన్నీ కొత్తదాంట్లోంచి చెరిపేస్తుంది.

అయిపోయాక రెండు ఫోల్డర్ల ప్రాపర్టీస్ పక్కపక్కన తెరిచి ఫైళ్ల సంఖ్య, బైట్లతో సహా సైజ్ పోల్చండి. సైజ్ ఆన్ డిస్క్ తేడా వస్తే కంగారుపడకండి, ఫార్మాట్ వేరైతే అది మారుతుంది. సైజ్ కలిసినా లోపలి డేటా సరిగ్గా ఉన్నట్టు కాదు కాబట్టి, ముఖ్యమైన ఫైళ్లకి సర్ట్‌యుటిల్ హ్యాష్‌ఫైల్ కమాండ్‌తో రెండువైపులా షా256 (ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్) తీసి ఒకటేనా అని చూడండి, లేదా మొదటినుంచే టెరాకాపీ అనే కాపీ ప్రోగ్రామ్‌లో వెరిఫై పెట్టి కాపీ చేయండి. రెండూ కలిశాక కొత్త డిస్క్‌ని ఎజెక్ట్ చేసి, తీసి, మళ్లీ పెట్టి, తాళికట్టే క్లిప్‌ని ఆ డిస్క్ నుంచే చివరిదాకా ప్లే చేయండి. పాత డిస్క్‌ని ఖాళీ చేయడం ఆ తర్వాతి పని.