పోర్ట్‌ఫోలియో సైటా? డబ్బు డొమైన్ మీదే పెట్టండి

నేను మాదాపూర్‌లో ఫ్రంటెండ్, అంటే సైట్లలో కంటికి కనిపించే భాగం కట్టే పని చేస్తా. దాంతో చుట్టాల్లో, అపార్ట్‌మెంట్‌లో ఎవరికి తమ పనులు చూపించుకునే పోర్ట్‌ఫోలియో సైట్ కావాలన్నా నా దగ్గరికే పంపిస్తారు. వచ్చినవాళ్లు ముందు అడిగేది ఒకటే: వర్డ్‌ప్రెస్ (సైట్ నడిపే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్) మంచిదా, రియాక్ట్ (కోడ్ రాసి సైట్ కట్టే జావాస్క్రిప్ట్ టూల్) మంచిదా? ఏం చూపించాలనుకుంటున్నారని నేను ఎదురడుగుతా. ఏడెనిమిది పనులు, ఒక్కోదాని కింద రెండు మూడు వాక్యాలు, ఒక పరిచయం, ఒక ఈమెయిల్. చాలామందికి ఉండేది ఇంతే. దీనికి కావాల్సింది పేజీల్లో సరుకు ఉండే నాలుగు హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైళ్లు, వాటి రంగురూపం చెప్పే ఒక సీఎస్‌ఎస్ ఫైలు.

వర్డ్‌ప్రెస్‌ని తీసిపారేయను. వారం వారం రాసేవాళ్లకి అది సుఖం. కానీ దాని వెనకాల పీహెచ్‌పీ అనే సర్వర్ కోడు, డేటాబేస్ ఎప్పుడూ నడుస్తుండాలి, ప్లగిన్లు (అదనపు సౌకర్యాల కోసం తగిలించే ముక్కలు) అప్‌డేట్ చేస్తుండాలి. పోర్ట్‌ఫోలియోని మనం ఉద్యోగం మారేటప్పుడు తప్ప ముట్టుకోం. అప్‌డేట్ లేక పడున్న ప్లగిన్లలోంచే హ్యాకర్లు దూరేది. రియాక్ట్ అయితే, రియాక్ట్ ఉద్యోగానికే వెళ్తున్నవాళ్లు వాడుకోండి. పేజీలు పెరిగి, ప్రతి దాంట్లో అదే మెనూ కాపీ చేయడం విసుగనిపిస్తే ఒక మూసలోంచి పేజీలన్నీ తయారుచేసే హ్యూగో గానీ జెకిల్ గానీ పట్టండి. కోడ్ లేకుండా సైట్ కట్టుకునే విక్స్ లాంటివి తొందరగా అవుతాయి, నిజమే. ఉచిత ప్లాన్‌లో వాళ్ల ప్రకటన మీ పేజీ మీద కూర్చుంటుంది. పైగా రేపు వేరే చోటికి పోదామంటే ఆ సైట్‌ని ఉన్నదున్నట్టు ఎత్తుకుపోవడం కుదరదు.

టూల్ కంటే ఎక్కువ టైమ్ పట్టేది సరుకు సర్దడానికే. ఈ మధ్య ఛత్తాబజార్‌లో పెళ్లికార్డులు డిజైన్ చేసే ఒకాయనకి సైట్ పెట్టించా. డిజైన్లన్నీ వాట్సాప్‌లో పంపాడు. అందులో వచ్చిన బొమ్మ అప్పటికే నలిగిపోయి ఉంటుంది, ఒరిజినల్ ఫైళ్లే ఇమ్మన్నా. ఆ ఒరిజినళ్లు ఒక్కోటి 4, 5 ఎంబీ. వాటిని అలాగే పెడితే మెట్రోలో ఫోన్లో తెరిచినవాడికి పేజీ తిరుగుతూనే ఉంటుంది. స్క్వూష్ అని బ్రౌజర్లోనే నడిచే ఉచిత టూల్ ఉంది. బొమ్మ అందులో వేసి, వెడల్పు 1600 పిక్సెల్స్ చేసి, వెబ్‌పీ ఫార్మాట్‌లో, క్వాలిటీ 75 దగ్గర పెట్టి సేవ్ చేయండి. చాలా బొమ్మలు 300 కేబీ లోపుకి దిగుతాయి, కంటికి తేడా తెలియదు. ఫోన్‌తో తీసిన ఫొటో అయితే అందులో లొకేషన్ ఉండిపోయిందేమో కూడా చూసుకోండి. ఇక పెళ్లికార్డంటే అందులో పెళ్లివారి పేర్లు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబర్లు ఉంటాయి కదా! అవన్నీ మార్చి, ఉత్తుత్తి పేర్లు వేయించాకే సైట్‌లో పెట్టా.

డీటీపీ నుంచి వచ్చేవాళ్లకి ఇంకో మాట. అనూ ఫాంట్‌లో కొట్టిన తెలుగు వెబ్‌లో అతికిస్తే పిచ్చిగీతల్లా వస్తుంది, గూగుల్‌కీ దొరకదు. ఏ ఫోన్లోనైనా సరిగ్గా కనిపించే యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా మళ్లీ కొట్టాలి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఉచితంగానే ఉన్నాయి. పేరా అక్షరాలకి మండలి, శీర్షికకి రామభద్ర నాకు నచ్చిన జోడీ. లైన్ హైట్ (అక్షరం సైజుకి వరుస ఎత్తు ఎన్ని రెట్లో) మాత్రం ఇంగ్లిష్‌కి పెట్టే 1.4 సరిపోదు. పై వరుసలోని ఒత్తులు కింది వరుసలోని గుడుల మీద పడతాయి. 1.7 పెట్టి, "లక్ష్మీ", "స్త్రీ" అని రెండు వరుసల్లో రాసి చూడండి, తెలిసిపోతుంది.

హోస్టింగ్‌కి, అంటే సైట్ ఫైళ్లని నెట్‌లో ఉంచే చోటుకి, పైసా ఇవ్వక్కర్లేదు. కోడ్ దాచుకునే గిట్‌హబ్ వాళ్ల గిట్‌హబ్ పేజెస్‌లో సైట్ 1 జీబీ దాకా ఉండొచ్చు, నెలకి 100 జీబీ ట్రాఫిక్ దాకా పర్వాలేదు. మన సైట్ అందులో మూలకి కూడా రాదు. ఒక షరతు: ఉచిత ఖాతాలో రిపాజిటరీ (మీ ఫైళ్లుండే ఫోల్డర్) పబ్లిక్‌గా ఉండాలి. అంటే మీ ఫైళ్లన్నీ లోకం చూస్తుంది. ఇంటి అడ్రసున్న రెజ్యూమె అందులో పడేసి తర్వాత తీసేసినా, పాత హిస్టరీలో అది అలాగే ఉంటుంది. ఇది ఇబ్బందనుకుంటే క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ వాడండి. ప్రైవేట్ రిపాజిటరీ నుంచి తీసుకుంటుంది, గిట్ (ఫైళ్ల మార్పుల హిస్టరీ దాచే టూల్) రానివాళ్లు ఫోల్డర్‌ని లాగి వదిలేసినా చాలు. వెర్సెల్ కూడా బాగుంటుంది గానీ, దాని ఉచిత ప్లాన్ వ్యాపారానికి కాదు. ఆర్డర్లు పట్టే మా కార్డులాయనకి అందుకే వద్దన్నా. నెలకి ఇంతే అని ఊరించే షేర్డ్ హోస్టింగ్ ప్రకటనల్లో ఆ రేటు మూడు నాలుగేళ్ల డబ్బు ముందే కడితేనే వస్తుంది. అవి వదిలేయండి.

డబ్బు పెట్టాల్సింది డొమైన్‌కి, అంటే సైట్ పేరుకి. డాట్ కామ్ దొరక్కపోతే డాట్ ఇన్ చాలు. మొదటి ఏడాది రేటు చూసి మురిసిపోకండి, రెన్యువల్ రేటు పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చూసి ఎంచుకోండి. ఖాతా మీ పేరు మీద, మీ సొంత ఈమెయిల్‌తో, ఓటీపీ మీ ఫోన్‌కే వచ్చేలా ఉండాలి. ఆఫీసు ఈమెయిల్ వద్దే వద్దు. మాకు తెలిసిన ఒక ఫొటోగ్రాఫర్‌కి సైట్ చేసిన ఏజెన్సీ డొమైన్‌ని తన పేరు మీదే కొంది. గొడవయ్యాక ఆయన విజిటింగ్ కార్డులన్నీ కొత్త అడ్రసుతో మళ్లీ అచ్చేయించుకున్నాడు. హోస్టింగ్ ఎప్పుడైనా మార్చొచ్చు, పేరు పోతే తెచ్చుకోవడం కష్టం.

డొమైన్‌ని గిట్‌హబ్‌లోని సైట్‌కి కలిపేటప్పుడు వరుస ముఖ్యం. ముందు గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో డొమైన్ రాయండి, ఆ తర్వాతే డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ (పేరుని సర్వర్ అడ్రసుకి కలిపే పట్టిక) పేజీకి వెళ్లండి. అక్కడ అమ్మినవాళ్లు తమ పార్కింగ్ పేజీ (సైట్ లేనప్పుడు చూపే పేజీ) కోసం పెట్టుకున్న "A" రికార్డు (సర్వర్ అడ్రసు చెప్పే లైను) ఒకటి ఉండొచ్చు. ముందు దాన్ని తీసేయండి, లేకపోతే సైట్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. దాని చోట గిట్‌హబ్ ఇచ్చే నాలుగు చేర్చండి, 185.199.108.153 నుంచి 185.199.111.153 వరకు, చుక్కల మధ్య మూడో సంఖ్య మాత్రమే మారుతుంది. మార్పు అందరికీ చేరడానికి ఒక్కోసారి 24 గంటలు పడుతుంది. ఆ తర్వాత గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో హెచ్‌టీటీపీఎస్ (దారిలో ఎవరూ చదవకుండా పేజీని పంపే పద్ధతి) తప్పనిసరి చేసే గడిలో టిక్ పెట్టండి. దానికి కావాల్సిన సర్టిఫికెట్ ఉచితమే, ఎస్ఎస్ఎల్ అని దాన్నే విడిగా అమ్మజూపితే కొనకండి.

కాంటాక్ట్ ఫారమ్ నడవాలంటే సర్వర్ కావాలి, కాబట్టి దాని జోలికి పోకండి. ఈమెయిల్ లింకు, వాట్సాప్ లింకు పెట్టండి. మన దగ్గర కస్టమర్లు ఎలాగూ ఫారమ్ నింపరు, వాట్సాప్‌లో "రేటెంత భయ్యా" అనే అడుగుతారు. ఆ లింకులో నంబర్‌కి ముందు 91 ఉండాలి, ప్లస్ గుర్తు, సున్నా ఉండకూడదు. అయ్యాక వేరేవాళ్ల ఫోన్లో, వైఫై తీసేసి, మొబైల్ డేటా మీద తెరిచి ఆ లింకు నొక్కి చూడండి.