చిల్టర్న్ కొండల్లో చలికాలం సైకిల్: దిగేటప్పటి జాగ్రత్తలు

ఇంగ్లండులో రెడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్, లండన్ పడమటి శివార్లు... ఈ చుట్టుపక్కల ఉంటూ ఈ ఏడాదే రోడ్ బైక్ కొన్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జూన్, జూలైల్లో చిల్టర్న్ కొండల్లో హాయిగా తిరిగి ఉంటారు. అదే రూట్‌లో నవంబరులో వెళ్లాలంటే మాత్రం కాస్త ఆలోచించాలి.

కొత్తవాళ్లకు టెన్షన్ అంతా కొండ ఎక్కడం గురించే. ఎక్కేటప్పుడు పెద్దగా ఏమీ కాదు, ఊపిరాడకపోతే దిగి నడిపించుకుంటూ పోవచ్చు. దెబ్బలు తగిలేది దిగేటప్పుడు. అందుకే అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా రూట్ వేసుకునేటప్పుడు మొట్టమొదట చూసుకోవాల్సింది ఏ రోడ్డు మీద దిగుతున్నామన్నది.

చిల్టర్న్స్ సుద్దకొండలు. వాయవ్యాన, అంటే ఎయిల్స్‌బరీ మైదానం వైపు, నిటారుగా దిగిపోతాయి. ఆగ్నేయాన, థేమ్స్ నది వైపు, నింపాదిగా వాలుతాయి. ప్రిన్సెస్ రిస్‌బరో పక్కనున్న కాప్ హిల్ మీద ఒకచోట వాలు 25 శాతం దాకా ఉంటుంది. పైగా చలికాలం ఎండ దక్షిణం నుంచి ఏటవాలుగా వస్తుంది కాబట్టి ఈ నిటారు వైపుకు సరిగా తగలదు. రెండు పక్కలా చెట్లు కూడా ఉంటే మధ్యాహ్నమైనా రోడ్డు ఆరదు. కాబట్టి ఈ నెలల్లో నిటారు వైపు ఎక్కండి, వాలు తక్కువగా ఉన్న వైపు దిగండి. రైల్లో ప్రిన్సెస్ రిస్‌బరో చేరి, కాప్ హిల్ ఎక్కి, ఫింజెస్ట్, హాంబుల్డెన్ లోయ మీదుగా హెన్లీకి దిగి, అక్కడ మళ్లీ రైలెక్కితే సరిపోతుంది. మధ్యలో ఎత్తుపల్లాలు ఎలాగూ తప్పవు, చివర్లో హెన్లీకి వెళ్లే ఏ4155 అనే పెద్ద రోడ్డు మీద కార్లు కూడా ఎక్కువే. అయినా కాప్ హిల్‌ను తడిలో దిగడం కంటే ఇది ఎంతో నయం. ఆదివారాలు ట్రాక్ పనుల వల్ల రైలు బదులు బస్సు వేస్తే అందులో మామూలుగా సైకిల్ ఎక్కించుకోరు. ముందురోజు రాత్రే చూసుకోండి.

బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వేసే మ్యాపుల్లో రోడ్డు మీద బాణం గుర్తులుంటాయి. ఒక బాణం ఉంటే వాలు 14 నుంచి 20 శాతం, రెండుంటే 20 శాతం దాటినట్టు. బాణం మొన పల్లం వైపు చూస్తుంది. మీ రూట్‌లో రెండు బాణాలున్న చోట మీరు దిగాల్సి వస్తుంటే రూట్‌ను ఎదురు దిశలో వేసుకోండి.

ఇక దిగడం. ఈ కొండల మీద ఎక్కువగా బీచ్ (beech) అనే చెట్ల అడవులే. అక్టోబరు చివర్లో, నవంబరులో ఆ ఆకులు రాలి, వానకు నాని, టైర్ల కింద నలిగి జావలా తయారవుతాయి. చూడ్డానికి ఎండాకుల్లాగే ఉంటాయి గానీ ఆ పైపొర కింద అంతా జారుడే. ఆకుల మీద బ్రేకు వేయొద్దు, సైకిల్ వంచొద్దు. వేయాల్సిన బ్రేకంతా మలుపుకు ముందే, హ్యాండిల్ తిన్నగా ఉండగానే, రెండు చేతులతో సమంగా వేసేయాలి. సన్నటి సందురోడ్లలో నడిమధ్య నాచు, కంకర ఉంటాయి. కార్ల టైర్లు నడిచే జాడలోనే వెళ్లండి. మీ సైకిల్‌కు చక్రం అంచును (రిమ్‌ను) నొక్కే రిమ్ బ్రేకులుంటే తడిలో మొదటి పట్టు రిమ్ మీది నీళ్లు తుడవడానికే సరిపోతుంది, అసలు బ్రేకు ఆ తర్వాత గానీ పడదు. కొండ అంచు నుంచే కొంచెం కొంచెంగా నొక్కుతూ రండి.

స్పీడ్ బోర్డు చూసి మోసపోవద్దు. ఈ సందురోడ్లు చాలావాటికి చట్టప్రకారం గంటకు 60 మైళ్ల పరిమితే ఉంటుంది. కంచె చాటు మలుపులో ట్రాక్టరో, గుర్రాల ట్రైలరో రోడ్డంతా ఆక్రమించి ఎదురుపడితే తప్పుకునే చోటుండదు. కంటికి కనిపించినంత దూరంలో సగానికే ఆగగలిగేటంత నెమ్మదిగా రావాలి. మిగతా సగం ఎదుటివాడికి వదలాలి.

పైన ఒక్క నిమిషం ఆగండి. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, ఆ తడి బట్టలతో దిగితే గాలికి ఐదు నిమిషాల్లో వేళ్లు మొద్దుబారతాయి. మొద్దుబారిన వేళ్లతో బ్రేకు లీవరు పూర్తిగా లాగలేరు. గాలి ఆపే జాకెట్, నిండు గ్లౌజులు కొండ మీదే వేసుకుని, జిప్ పైదాకా లాగి, అప్పుడు బయల్దేరండి. జేబులో పల్లీపట్టి ఒకటి ఉంచుకోండి. పల్లెటూళ్ల కెఫేలు చాలావరకు మధ్యాహ్నం మూడింటికో నాలుగింటికో మూసేస్తారు.

పంక్చర్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కొండల్లో అవి రెండు దారుల్లో వస్తాయి. సుద్ద పొరల్లో చెకుముకి రాళ్లుంటాయి. వాన వచ్చినప్పుడు వాటి పెంకులు రోడ్డు మీదికి కొట్టుకొస్తాయి, బ్లేడంత పదును. రెండోది ముళ్లు. పక్షులు గూళ్లు కట్టుకునే కాలమని మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా పొలం గట్ల మీది పొదల కంచెలు మామూలుగా కత్తిరించడానికి వీల్లేదు. సెప్టెంబరు నుంచి ట్రాక్టర్లకు కత్తెర యంత్రాలు తగిలించి హాతార్న్, బ్లాక్‌తార్న్ అనే ముళ్లపొదల కంచెలు నరుకుతూ పోతారు. ఆ తుక్కు నేరుగా రోడ్డంచున పడుతుంది. తాజాగా నరికిన కంచె కనిపిస్తే అంచున వెళ్లకుండా కాస్త లోపలికి రండి.

పంక్చర్ అయితే ట్యూబ్ మార్చేసి గాలి కొట్టుకుని వెళ్లిపోవడం కుదరదు. ముల్లు టైరులోనే ఉంటుంది, కొత్త ట్యూబూ పోతుంది. బయటి నుంచి చూస్తే ఏమీ కనిపించదు, ముల్లు తల రబ్బరుతో సమానంగా విరిగిపోయి ఉంటుంది. గుడ్డ చుట్టిన వేలితో టైరు లోపలంతా నెమ్మదిగా తడమండి. ఎక్కడో ఒకచోట గుడ్డ పోగు పట్టుకుంటుంది. అక్కడే ముల్లు మొన ఉన్నట్టు. టైరును ఆచోట వంచితే ముల్లు కాస్త బయటికొస్తుంది, చిన్న పట్టకారుతో లాగేయొచ్చు. రెండు ట్యూబులు, చేతి పంపు తప్పనిసరి. టైరులో గాలి నింపే చిన్న గ్యాస్ సిలిండర్ల మీదే ఆధారపడితే అవి అయిపోగానే రోడ్డు మీదే ఉండిపోతారు. ఫ్రేమ్‌లో పడితే 28 మిల్లీమీటర్లు, అంతకంటే వెడల్పు టైర్లు వేసి, గాలి ఎండాకాలం కన్నా కాస్త తగ్గించండి.

వెదర్ యాప్‌లో 2 డిగ్రీలు ఉంది కదా, సున్నా కాలేదు కదా అనుకోవద్దు. ఆ ఉష్ణోగ్రత నేలకు 1.25 మీటర్ల ఎత్తున కొలిచేది. రోడ్డు ఉపరితలం అప్పటికే గడ్డకట్టి ఉండొచ్చు. పొలాల నుంచి రోడ్డుకు అడ్డంగా పారే నీళ్లు, లోయ అడుగు, నిటారు వాలు... ఈ మూడు చోట్లా బ్లాక్ ఐస్, అంటే రోడ్డుకు అంటుకున్న పలచటి మంచుపొర, ఉండొచ్చు, కంటికి కనిపించదు. కౌన్సిళ్లు ఉప్పు చల్లేది ఎక్కువగా పెద్ద రోడ్ల మీదే. రాత్రి 3 డిగ్రీల లోపు పడిందంటే సందురోడ్ల ప్లాన్ మానేయండి. పొరపాటున మంచు మీదికి వెళ్లిపోతే బ్రేకు ముట్టుకోకుండా, హ్యాండిల్ తిప్పకుండా, తొక్కడం ఆపి తిన్నగా పోనివ్వండి.

అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. ముందురోజు దాదాపు ఐదుంముప్పావుకు అస్తమించిన సూర్యుడు ఆ రోజు నాలుగుంముప్పావుకే వెళ్లిపోతాడు. డిసెంబరులో నాలుగు కూడా కాదు. చీకట్లో ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, ఎర్ర రిఫ్లెక్టర్ చట్టం అడుగుతుంది. 1985 అక్టోబరు తర్వాత తయారైన సైకిళ్లకు పెడళ్ల రిఫ్లెక్టర్లు కూడా. నేనైతే పగలే లైట్లు వేసుకోమంటాను, ఎందుకంటే ఏటవాలు ఎండ చీకటి కంటే ప్రమాదం. మీ నీడ మీ ముందు పొడుగ్గా పడుతుంటే ఎదురుగా వచ్చే డ్రైవరు కళ్లలో ఎండ ఉన్నట్టు. మీ కళ్లలోనే ఎండ పడుతుంటే వెనక నుంచి వచ్చేవాడికీ అంతే.

సందె వేళ జింకలు అడ్డం వస్తాయి, ఒకటి దాటితే రెండోది ఉంటుందనే అనుకోండి. పైన రెడ్ కైట్ గద్దలు తిరుగుతుంటాయి. ఇంగ్లండులో అంతరించిపోతే 1990 ప్రాంతంలో స్పెయిన్ నుంచి తెచ్చి ఈ కొండల్లో వదిలారు. చూడముచ్చటగా ఉంటాయి, ఆగి చూడండి. గుర్రం ముందుంటే వెనక నుంచి బెల్లు కొట్టొద్దు. దూరం నుంచే హలో అని గట్టిగా పలకరించి, రౌతు సరేనన్నాక, కుడివైపు నుంచి బాగా ఎడంగా, నెమ్మదిగా దాటండి.

లోయల్లో ఫోన్ సిగ్నల్ పోతుంది. మ్యాపు ఆఫ్‌లైన్‌లో దించుకోండి, వెళ్లే దారి, వచ్చే టైము ఇంట్లో చెప్పండి. ఇంటి దగ్గర ఉన్నప్పుడే అత్యవసర నంబరు 999కు రిజిస్టర్ (register) అని ఇంగ్లిషులో మెసేజ్ పంపి, వచ్చిన జవాబులో చెప్పినట్టు నమోదు పూర్తి చేయండి. కాల్ మాట్లాడేంత సిగ్నల్ లేనిచోట మెసేజ్‌తో అంబులెన్స్‌ను పిలవడానికి అది పనికొస్తుంది. హెల్మెట్‌ను చట్టం అడగదు, మీరు మాత్రం పెట్టుకోండి. ఎవరైనా పడితే వెంటనే లేపొద్దు. ముందు ఒకరు మలుపు పైదాకా వెళ్లి వచ్చే బండ్లను ఆపాలి, ఇంకొకరు ఫోన్ చేసి ఉన్న చోటును మూడు ఇంగ్లిషు మాటల్లో చెప్పే వాట్ త్రీ వర్డ్స్ (what3words) యాప్‌లో చూపించే మూడు మాటలు అక్షరం అక్షరం చదివి చెప్పాలి. మెడ నొప్పి అన్నా, ఒక్క క్షణం స్పృహ తప్పినా, అంబులెన్స్ వచ్చేదాకా పడినచోటే కదలకుండా ఉంచి, మీ జాకెట్లన్నీ వాళ్ల మీద కప్పండి.