పాత అంబాసిడర్‌లో కరెంటు ప్రాబ్లమా? ఏదైనా కొనేముందు ఎర్త్ చూడండి

సెల్ఫ్ కొడితే టక్‌మని ఊరుకుంటోందా? ఎవరిని అడిగినా ముందు బ్యాటరీ మార్చమంటారు, తర్వాత సెల్ఫ్ మోటారు విప్పుతారు, చివరికి సంగతి బ్యాటరీని చార్జ్ చేసే డైనమో దాకా వస్తుంది, డబ్బులు పోతాయి కానీ జబ్బు అలాగే ఉంటుంది. కాస్త ఆగండి. ఈ బండిలో కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు, ఉన్నదల్లా వైర్లు, స్విచ్చులు, బల్బులు, మోటార్లు. తప్పు చాలాసార్లు పార్టులో కాదు, జాయింటులో ఉంటుంది, అందులోనూ ఎర్త్ జాయింటులో, అంటే కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి చేరే దారిలో.

ఒక మామూలు మల్టీమీటరు, ఎమరీ పేపరు, ఒక టెస్ట్ ల్యాంపు దగ్గర పెట్టుకోండి. 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు అతికిస్తే అదే టెస్ట్ ల్యాంపు. మీటరుంటే ఇదెందుకు అనుకోవద్దు. జాయింటు తుప్పు పట్టి సరిగ్గా అతక్కపోయినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే అది కరెంటు దాదాపు లాగదు. ఈ బల్బు రెండు ఆంపియర్ల దగ్గర లాగుతుంది కాబట్టి వెంటనే డిమ్ అయిపోయి నిజం చెప్పేస్తుంది.

ఇంకో మాట, 60ల నాటి బ్రిటిష్ డిజైన్ బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉండొచ్చు, అంటే మైనస్ బదులు ప్లస్ వైరు బాడీకి వెళ్తుంది. బ్యాటరీలో ఏ వైరు బాడీకి వెళ్తోందో కళ్లతో చూసి నిర్ధారించుకున్నాకే చెయ్యి పెట్టండి.

బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్, 12.2 అంటే సగమే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే ముందు చార్జింగ్ పెట్టించి మళ్లీ చూడండి.

బ్యాటరీ బాగుంటే అసలు పరీక్ష ఇది. ఇంజిన్ స్టార్ట్ కాకుండా, ప్లగ్గులకి కరెంటు ఇచ్చే కాయిల్‌కి వచ్చే స్విచ్ వైరు తీసేయండి. మీటరు ఒక కొసను బ్యాటరీ ఎర్త్ పోస్టు మీదే, అంటే క్లాంపు మీద కాకుండా సీసం మీదే పెట్టి, రెండో కొసను ఇంజిన్ బ్లాకు మీద శుభ్రమైన చోట ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.3 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టే. ఒక వోల్టు వచ్చిందంటే దొంగ దొరికాడు. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే అల్లిన రాగి పట్టీ విప్పి చూడండి, పైకి బాగానే కనిపిస్తుంది, బోల్టు కింద మాత్రం ఆకుపచ్చ పొడి, తుప్పు, మీద పదిసార్లు వేసిన పెయింటు. లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వ్యాసెలిన్ రాయండి.

లైట్లదీ అదే కథ. బ్రేకు తొక్కితే పార్కింగ్ లైటు డిమ్ అయి, ఇండికేటర్ కూడా సన్నగా వెలుగుతోందంటే బల్బులు మార్చి లాభం లేదు, కరెంటు ఎర్త్ దొరక్క పక్క బల్బుల్లోంచి వెనక్కి వెళ్తోంది. టెయిల్ ల్యాంపు హోల్డరు నుంచి బాడీకి విడిగా ఒక వైరు లాగండి, సరిపోతుంది.

చార్జింగ్ సంగతి. డైనమో ఉన్న బండికి ఐడిలింగ్‌లో డాష్‌బోర్డు మీది ఎర్ర చార్జింగ్ లైటు సన్నగా వెలగడం మామూలే, రేస్ చేస్తే ఆరిపోవాలి. ఆరకపోతే ముందు ఫ్యాన్ బెల్టు చూడండి, తర్వాత డైనమో మీది రెండు వైర్లూ తీసి, ఆ రెండు టెర్మినళ్లను చిన్న వైరుతో కలిపి, మీటరు అక్కడ ఒక కొస, బాడీకి ఒక కొస పెట్టి మెల్లగా రేస్ చేయండి. వోల్టేజీ గబగబా పెరిగితే డైనమో మంచిదే, తప్పు కటౌట్‌లోనో (డైనమోని బ్యాటరీకి కలిపి, విడదీసే పెట్టె) వైర్లలోనో ఉంది. 20 వోల్టులు దాటనివ్వకండి.

పొద్దున్నే బ్యాటరీ డౌన్ అయి ఉంటోందంటే, అన్నీ ఆఫ్ చేసి, ఎర్త్ కేబుల్ తీసి, కేబుల్‌కీ పోస్టుకీ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టండి. వెలిగితే ఎక్కడో కరెంటు కారుతోంది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోండి, ఏది తీసినప్పుడు ఆరిందో ఆ లైనే. ఏది తీసినా ఆరకపోతే ఫ్యూజు లేని లైన్లు చూడాలి, ఈ బండ్లలో అవి చాలానే ఉంటాయి.

మాడిపోయిన ఫ్యూజుకి మాత్రం సిగరెట్ పెట్టె రేకు చుట్టకండి. యాభై ఏళ్ల నాటి ఇన్సులేషన్, పక్కనే పెట్రోలు పైపు, మంటలు రావడానికి క్షణం చాలు.