ఫ్యాను హోరు తగ్గించడానికి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాలలో తెలుగు నాటికలకు, లఘుచిత్రాలకు శబ్దాలు సమకూర్చేవారు ఖరీదైన సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లే ముందు ఉచితంగా దొరికే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీని ప్రయత్నించడం మంచిది. సంభాషణలు మొదలుపెట్టే ముందు ఎవరూ మాట్లాడకుండా ఆ గదిని అర నిమిషం పాటు రికార్డు చేసి ఉంచుకోవాలి. తరువాత ఆ భాగాన్ని మాత్రమే ఎంచుకొని, హోరు తగ్గించే ‘నాయిస్ రిడక్షన్’ ఎఫెక్టులో ‘గెట్ నాయిస్ ప్రొఫైల్’ నొక్కి, ఆపై మొత్తం రికార్డింగును ఎంచుకొని 6 నుంచి 12 డెసిబెల్స్ వరకు తగ్గిస్తే సరిపోతుంది. అంతకు మించితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్లు వినిపించే ప్రమాదం ఉంది. అక్కడే ఉన్న ‘రెసిడ్యూ’ను ఎంచుకొని ప్రివ్యూ వింటే తొలగిపోతున్న శబ్దం మాత్రమే వినిపిస్తుంది, అందులో మాటలు కూడా వినబడితే తగ్గింపు ఎక్కువైందని అర్థం. చాలామంది ఈ మీటను పట్టించుకోరు గానీ, నా దృష్టిలో అన్నిటికన్నా ఉపయోగపడేది అదే.

అనేక ట్రాకులు (విడివిడిగా ఉన్న రికార్డింగులు) కలపవలసి వస్తే రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు పూర్తి సదుపాయాలతో పరీక్షించవచ్చు. వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. ఐజోటోప్ ఆర్‌ఎక్స్ వంటి ఖరీదైన సాఫ్ట్‌వేర్లు సమర్థమైనవే అయినా, బాగా చెడిన రికార్డింగులను బాగుచేసే పని తరచుగా ఉన్నప్పుడే కొనదగినవి. వాన, పక్షులు, బండి చప్పుళ్లు ఫ్రీసౌండ్ అనే వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. అయితే పెళ్లి వీడియోల వంటి డబ్బు తీసుకొని చేసే పనులకు వాణిజ్యేతర లైసెన్సు ఉన్న శబ్దాలను వాడరాదు.