షెడ్డు ఎక్కడ వేయాలి? వరంగల్ చుట్టుపక్కల పరిశ్రమ పెట్టేవాళ్లు చూసుకోవాల్సిన లెక్కలు

పరిశ్రమ పెట్టాలనుకునేవాళ్లు చాలామంది ముందు భూమి చూస్తారు, ఆ తర్వాత సబ్సిడీ ఎంతొస్తుందని అడుగుతారు, అసలు లెక్క చివర్లో వేస్తారు. ఈ వరసను తిరగేయాలి. మొదట సరుకు బరువు, తర్వాత ఏడాదిలో మిల్లు ఆడే నెలలు, ఆపైన కరెంటు, బాట, భూమి కాగితాలు. రాయితీ సంగతి అన్నిటికన్నా చివర. తప్పు చోట పెట్టిన మిల్లుకు రాయితీ వచ్చినా, ఒకటి రెండేళ్ల కిరాయి నష్టంలోనే అది కరిగిపోతుంది.

ముందు బరువు లెక్క

తయారీలో బరువు తగ్గే సరుకైతే మిల్లు సరుకు దగ్గరికి పోవాలి, తగ్గనిదైతే దూరంగా పెట్టినా నడుస్తుంది. జర్మన్ ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ వెబర్ 1909లో చెప్పిన ఈ సూత్రం వరంగల్‌లోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో ఇవాళ్టికీ పనికొస్తుంది.

క్వింటా పత్తిని జిన్నింగ్ చేస్తే సుమారు 33, 34 కిలోల దూది, 64, 65 కిలోల గింజలు వస్తాయి. మిగిలింది చెత్త, తేమ కింద పోతుంది. దూది ఒక దారిన, గింజలు ఇంకో దారిన పోతాయి కాబట్టి జిన్నింగ్ మిల్లు చేలకూ మార్కెట్‌కూ దగ్గర్లోనే ఉండాలి. దూదిని 170 కిలోల బేలుగా కట్టాక కథ మారుతుంది. బేలు నుంచి నూలు తీస్తే పోయే బరువు తక్కువ. అందుకే ఇక్కడి బేళ్లు తమిళనాడు స్పిన్నింగ్ మిల్లుల దాకా వెళ్లినా వాళ్లకు గిట్టుబాటవుతోంది. ‘పత్తి ఇక్కడే పండుతుంది కదా, స్పిన్నింగ్ మిల్లు పెడదాం’ అనేవాళ్లు దీన్ని గట్టిగా ఆలోచించాలి. 1934లో మొదలైన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు పత్తి నడిబొడ్డున ఉండి కూడా మూతపడింది. నూలు, బట్ట, కుట్టుపనికి పనివాళ్ల నైపుణ్యం, కరెంటు రేటు, సర్కారు విధానం ఎక్కువ ముఖ్యం. గీసుగొండ, సంగెం మండలాల్లో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఆ లోటును విధానంతో పూడ్చే ప్రయత్నమే.

వడ్లకు ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) లెక్క క్వింటాకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68. ఊక దాదాపు 20 కిలోలు వస్తుంది, ఉప్పుడు మిల్లులో బాయిలర్‌కు అదే ఇంధనం. అయితే రైస్ మిల్లుకు పెద్ద పని సర్కారు ఇచ్చే సీఎంఆర్ వడ్లే, అంటే మర పట్టి బియ్యం తిరిగి సర్కారుకే అప్పగించాల్సినవి. కాబట్టి పొలాలు ఎంత దగ్గరో చూసినట్టే బియ్యం అప్పగించే గోదాము ఎంత దూరమో కూడా చూడండి.

పసుపును రైతే ఉడకబెట్టి ఎండబెట్టి తెస్తాడు. పచ్చి పసుపులో ఎండాక మిగిలేది ఐదో వంతే, ఆ బరువంతా చేను దగ్గరే పోయింది. పొడి పట్టే యూనిట్ నిజామాబాద్‌లో ఉన్నా, అమ్ముకునే పట్నంలో ఉన్నా కిరాయిలో పెద్ద తేడా రాదు.

బరువు ఒక్కటే అన్నీ తేల్చదనడానికి కరీంనగర్ గ్రానైట్ చాలు. కోతలో బోలెడు రాయి వృథాగా పోతుంది, సూత్రం ప్రకారం పాలిషింగ్ అంతా క్వారీ పక్కనే జరగాలి. కానీ పెద్దపెద్ద దిమ్మెలు అలాగే కాకినాడ రేవుకు చేరి చైనాకు వెళ్తున్నాయి. అవతల కొనేవాడికి కావాల్సింది పలకా దిమ్మెనా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఎన్ని నెలలు ఆడుతుంది?

24 డబుల్ రోలర్ యంత్రాల జిన్నింగ్ మిల్లు తీసుకుందాం. ఒక్కో యంత్రం గంటకు 50 కిలోల దూది తీస్తుందనుకుంటే 20 గంటల్లో 24 టన్నులు, అంటే 140 బేళ్లు. దానికి రోజుకు 70 టన్నుల పత్తి కావాలి. మార్కెట్ కమిటీ ఆఫీసులో గడిచిన మూడేళ్ల నెలవారీ రాక అడిగి తీసుకోండి. 30 కిలోమీటర్ల లోపు ఇప్పటికే ఉన్న మిల్లుల రోజువారీ సామర్థ్యం కలపండి. పత్తి జోరుగా వచ్చే నెలల్లో కూడా ఆ మొత్తం రాకను మించుతుంటే కొత్త మిల్లుకు పత్తి దొరకదు, దొరికినా ధర పెంచి కొనాలి.

తేమ ఇంకో సంగతి. సీసీఐ (భారత పత్తి సంస్థ) 8 నుంచి 12 శాతం తేమ దాకానే కొంటుంది. మొదటి ఏరుడు పత్తిలో తేమ ఎక్కువ. దాన్ని ఆరబెట్టకుండా యంత్రంలో వేస్తే రోలర్లకు చుట్టుకుంటుంది, పోగు దెబ్బతింటుంది, కుప్పలో ఉన్నది వేడెక్కి రంగు మారుతుంది. అందుకే భూమి లెక్కలో షెడ్డుతోపాటు సిమెంటు కల్లం, నీళ్ల ట్యాంకు, కుప్పకూ కుప్పకూ మధ్య ఫైరింజన్ తిరిగేంత జాగా కలపాలి. జాగా చాలక కుప్పలు ఆనించి పోసిన చోట ఒక్క నిప్పురవ్వకు అన్నీ కాలిపోతాయి.

కరెంటు

పారిశ్రామిక ఎల్‌టీ (లో టెన్షన్) కనెక్షన్ 75 కిలోవాట్ల వరకే, అంటే 100 హార్స్‌పవర్. అది దాటితే హెచ్‌టీ (హై టెన్షన్): 1,500 కేవీఏ దాకా 11 కేవీ, ఆపైన 33 కేవీ. స్థలానికి అడ్వాన్సు ఇచ్చే ముందే కరెంటు పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో మూడు అడగండి: ఏ సబ్‌స్టేషన్, ఏ ఫీడర్, అందులో మీకు సరిపడా లోడు మిగిలి ఉందా. వ్యవసాయ ఫీడర్ మాత్రమే ఉన్న చోట కొత్త లైను వేయించుకోవాలి, ఖర్చు మీదే. స్తంభాలు ఎవరి చేలోంచి వస్తాయో ఆ రైతులతో ముందే మాట్లాడుకోవాలి.

హెచ్‌టీలో చాలామంది దెబ్బతినేది ఇక్కడ: మిల్లు ఆగిన నెలల్లో కూడా ఒప్పందం చేసుకున్న డిమాండ్‌లో 80 శాతానికి చార్జీ పడుతుంది. జిన్నింగ్ లాంటివాటిని సీజన్ పరిశ్రమగా ముందే రాయించుకుంటే ఆ భారం తగ్గుతుంది. అడగకపోతే ఎవరూ చెప్పరు.

భూమి

నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు పగుళ్లిస్తుంది. దాని మీద వేసిన మామూలు పునాదికి బీటలు వస్తాయి, బేలింగ్ ప్రెస్ లెవెల్ తప్పుతుంది. పునాది లోతుకు తీసి మొరం నింపే ఖర్చు కలిపితే, ఎకరానికి కాస్త ధర ఎక్కువైనా ఎర్ర చెలకే చవకగా పడొచ్చు. స్థలాన్ని వానాకాలంలో ఒకసారి చూడకుండా కొనొద్దు. లోడు లారీ లోపలికొచ్చి తిరిగి వెళ్లగలదా అన్నది ఆషాఢం, శ్రావణాల్లోనే తెలుస్తుంది.

బాట కళ్లకు కనిపిస్తే చాలదు, గ్రామ నక్షలో ఉండాలి. నక్షలో లేని బండ్ల బాట ఎవరో ఒకరి పట్టాలోదై ఉంటుంది, గోడ కట్టగానే ఆయన అడ్డంగా కడీలు పాతుతాడు. చెరువు శిఖం, ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటిమట్టం), దాని చుట్టూ వదలాల్సిన బఫర్ హద్దులు నీటిపారుదల శాఖలో చూసుకోండి. గొలుసుకట్టు చెరువుల నేల ఇది, ఎండాకాలంలో చేనులా కనిపించేది వానాకాలంలో చెరువే. అసైన్డ్ భూమి (సర్కారు పేదలకు ఇచ్చినది) కొనుగోలు 1977 చట్టం కింద చెల్లదు. ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాద్ వైపు ఏజెన్సీ గ్రామాల్లో గిరిజనేతరులకు భూ బదిలీ 1/70 చట్టం కింద నిషిద్ధం. గిరిజనుల చేతిలో భూమి నిలవాలని తెచ్చిన చట్టం అది. బినామీ పేరుతో దాన్ని దాటాలని చూడటం తప్పు, పెట్టుబడి కూడా పోతుంది. వరంగల్ చుట్టూ అయితే కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో రాతపూర్వకంగా తీసుకోండి.

సర్కారు విధానాన్ని ఎలా చదవాలి?

రామగుండం ఎరువుల కర్మాగారం 1980లో బొగ్గు ఆధారంగా మొదలై 1999లో ఆగింది. 2021లో ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో మళ్లీ నడిచింది, ఈసారి పైపులైను గ్యాస్‌తో. కర్మాగారాన్ని అక్కడికి రప్పించిన బొగ్గు లెక్కలోంచి పోయింది. గోదావరి నీళ్లు, రైలు, భూమి, చుట్టూ యూరియా కొనే రైతులు మిగిలారు. ములుగు జిల్లా కమలాపురం రేయాన్ పల్ప్ మిల్లుకు కలప, వెదురు, నీళ్లు అన్నీ ఉన్నాయి. కొనేవాళ్లు మాత్రం కొద్దిమంది, ధర బయటి మార్కెట్ చేతిలో. 2014లో ఉత్పత్తి ఆగింది, మళ్లీ తెరిపించడానికి ప్రకటించిన రాయితీలు దాన్ని నిలబెట్టలేదు. మీ ప్రాజెక్టులో ఏ ఒక్క కారణం పోతే మిగతావి నిలబెట్టగలవో ఇలాగే రాసి చూసుకోండి.

అనుమతులకు తెలంగాణ 2014 ఐపాస్ చట్టం కింద ఆన్‌లైన్‌లో ఒకే దరఖాస్తు. మెగా ప్రాజెక్టులకు 15 రోజులు, మిగతావాటికి 30 రోజుల గడువు. కాలుష్య నియంత్రణ మండలి నుంచి సీఎఫ్‌ఈ (స్థాపనకు సమ్మతి) రాకముందు గోడ లేపొద్దు, సీఎఫ్‌ఓ (నడపడానికి సమ్మతి) రాకముందు యంత్రం తిప్పొద్దు. చిన్న పరిశ్రమల ఉద్యమ్ నమోదు ఉచితం, దానికి డబ్బడిగేవాళ్లను నమ్మకండి.

కొత్త యూనిట్లకు కేంద్రం ఇచ్చే పీఎంఈజీపీ సబ్సిడీ చోటును బట్టి మారుతుంది. జనరల్ కేటగిరీకి పల్లెలో 25 శాతం, పట్టణంలో 15 శాతం. 40 లక్షల యూనిట్‌కు తేడా 4 లక్షలు. పంచాయతీ పరిధి పల్లె, మున్సిపాలిటీ పరిధి పట్టణం. కార్పొరేషన్‌లో కలిసిన ఊళ్లు చూడ్డానికి పల్లెల్లాగే ఉన్నా లెక్కకు పట్టణమే. ఆ సబ్సిడీ మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో సర్దుబాటవుతుంది, సరుకు కొనడానికి చేతికి రాదు. రాష్ట్ర రాయితీలు చాలావరకు ముందు మీరు ఖర్చుపెట్టాక తిరిగిచ్చేవి, నిధులు విడుదలయ్యే దాకా ఆగాల్సిందే. మొదటి రెండేళ్ల నగదు లెక్కలో ఆ గడిలో సున్నా రాయండి. అప్పుడూ నెలవారీ కిస్తీ కట్టగలిగితేనే జిల్లా పరిశ్రమల కేంద్రం మెట్లెక్కండి.

ఇవన్నీ కుదిరాక భూమికి బయానా ఇచ్చేటప్పుడు కాగితంలో ఒక షరతు రాయించుకోండి: 90 రోజుల్లో కరెంటు సాధ్యతా పత్రం, భూ వినియోగ మార్పిడి, సీఎఫ్‌ఈ రాకపోతే బయానా పూర్తిగా వాపసు. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవడం లేదో ఊళ్లో నలుగురిని అడిగి తెలుసుకోండి.