యానాది కాలనీలో పరిచర్య చేయాలంటే: ముందు కాగితాలు, తర్వాతే మిగతావి

శ్రీకాళహస్తి, సత్యవేడు, సూళ్ళూరుపేట వైపు చాలా ఊళ్ళలో చెరువు కట్ట కిందో, పోరంబోకులోనో యానాదులనే ఎస్టీ తెగవాళ్ళ కాలనీ ఉంటుంది. ఈ ప్రాంతానికి సువార్త కొత్తది కాదు. జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ వారు 1865లోనే సూళ్ళూరుపేటలో పని మొదలుపెట్టారు. అయినా ఈ కాలనీల్లో ఇప్పటికీ పుట్టినట్టు రుజువు లేని పిల్లలున్నారు. క్రైస్తవ సంఘం తరఫున వెళ్ళేవాళ్ళు పాటల పుస్తకాల కంటే ముందు ఒక పెద్ద నోటుబుక్కు పట్టుకెళ్ళాలి.

మొదటి నెలంతా ఇంటింటి లెక్కకే పెట్టుకోండి. పగలు వెళ్తే ముసలివాళ్ళు, పిల్లలే కనిపిస్తారు, మిగతావాళ్ళు చేపలకో, కూలికో పోయి ఉంటారు. కాబట్టి సాయంత్రం ఆరు తర్వాత వెళ్ళండి. ఇంటికో పేజీ చొప్పున పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ, బ్యాంకు ఖాతా, చేస్తున్న పని, యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు రాసుకోండి. వయసు అడిగితే చెప్పలేరు. "2015 వరదలప్పుడు ఈ పాప నడుస్తోందా, చంకలో ఉందా? 2021 వరదలప్పుడు బడికి పోతోందా?" అని అడిగితే ఏడాది అటూ ఇటూగా తేలుతుంది. అంగన్‌వాడీ రిజిస్టరు, టీకాల కార్డు దొరికితే అంతకంటే గట్టి ఆధారం.

ఎక్కడ తేడా వచ్చినా చివరికి చిక్కంతా పుట్టిన తేదీ దగ్గరే పడుతుంది. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు ఉచితం. 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో సరిపోతుంది, ఏడాది లోపు పైఅధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే ముందు పంచాయతీ కార్యదర్శి దగ్గర 'రికార్డులో లేదు' అన్న ధ్రువపత్రం తీసుకుని, అఫిడవిట్ జోడించి, ఆర్డీవో కార్యాలయంలో దరఖాస్తు పెట్టాలి. ఇంట్లో ఉన్న పిల్లలందరివీ ఒకేసారి పెట్టించండి. కూలి మానుకుని రెండోసారి రావడం వాళ్ళకు భారం. ఆ రోజు కూలి, ఆటో ఛార్జీ సంఘమే ఇస్తే పని ఆగదు.

ఆధార్ నమోదుకు తొందరపడకండి. తేదీ తెలియదంటే ఆపరేటర్ జనవరి 1 వేసేస్తాడు. పుట్టిన తేదీని ఒక్కసారే మార్చుకోవచ్చు, పేరు రెండుసార్లు. ముందు జనన ధ్రువపత్రం చేతికొచ్చాకే ఆధార్ కేంద్రానికి తీసుకెళ్ళండి. అన్ని కాగితాల్లో ఇంటిపేరు ఒకే స్పెల్లింగుతో ఉందో లేదో అక్షరం అక్షరం చూడండి. మట్టిపనిలో అరిగిన వేళ్ళకు వేలిముద్ర పడకపోతే కళ్ళ ఐరిస్ తీసుకోమని అడగండి. పిల్లలకు అయిదేళ్ళు నిండాక ఒకసారి, పదిహేనేళ్ళు నిండాక ఇంకోసారి బయోమెట్రిక్ తప్పనిసరిగా అప్‌డేట్ చేయించాలి. ఆ ఏడాదులు నోటుబుక్కులో ముందే గుర్తు పెట్టుకోండి.

కుల ధ్రువీకరణ దగ్గర ఒక అపోహ బాగా నష్టం చేస్తోంది. బాప్తిస్మం తీసుకుంటే ఎస్టీ హోదా పోతుందని కొందరు భయపెడతారు. ఎస్సీల విషయంలో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మతాన్ని షరతుగా పెట్టింది, ఎస్టీల ఉత్తర్వులో ఆ షరతు లేదు. యానాది క్రైస్తవుడైనా ఎస్టీయే. దరఖాస్తులో మతం దాచమని మాత్రం ఎవరికీ చెప్పకండి. అబద్ధంతో తెచ్చిన కాగితం పిల్లల చదువు దాకా వెంటాడుతుంది.

ఇక అడ్వాన్సు సంగతి. మామిడి తోటల్లో, ఇటుక బట్టీల్లో, చేపల చెరువుల దగ్గర ఇరవై ముప్ఫై వేలు తీసుకుని కుటుంబమంతా ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతుంది. జాలిపడి ఆ బాకీ మీరు తీర్చేయకండి. తీరిస్తే అది మామూలు లావాదేవీ అయిపోతుంది, యజమాని ఇంకో కుటుంబాన్ని తెచ్చుకుంటాడు. 1976 వెట్టిచాకిరి రద్దు చట్టం ప్రకారం అలాంటి బాకీ చెల్లదు. యజమానితో గొడవ పెట్టుకోకుండా ఎవరు, ఎక్కడ, ఎప్పటినుంచి, బయటికి పోనిస్తున్నారా లేదా అన్నవి రాసి కలెక్టరుకో, ఆర్డీవోకో ఫిర్యాదు ఇవ్వండి. విడుదల పత్రం కుటుంబ పెద్ద ఒక్కడికే కాదు, పనిచేసిన ప్రతి ఒక్కరికీ విడిగా రావాలి. దాని మీదే 30 వేల రూపాయల వరకు తక్షణ సాయం, ఆపై పునరావాసం ఆధారపడతాయి. తిరిగొచ్చిన మొదటి రెండు నెలలు బియ్యం, పప్పు, పని చూపకపోతే మళ్ళీ అదే చెరువుకు వెళ్తారు.

పొదుపు సంఘం పెడితే నెలకు రెండొందలని కాక వారానికి యాభై పెట్టండి. కూలి చేతికొచ్చే లయ అదే.

ప్రార్థన కూడికకు, ఈ సాయానికి ముడి పెట్టకండి. బియ్యం పంచే రోజు పేర్లు రాసుకుని ఆదివారం రమ్మనడం తప్పు. దేవుని ప్రేమకు వెల కట్టడమే అది. వాళ్ళ ఇంటి దేవతను తక్కువ చేసి మాట్లాడకండి. పిల్లల ఫొటోలు దాతల కోసం తీయకండి. తిరుమల కొండపై ఇతర మత ప్రచారం 2007 నుంచి చట్టరీత్యా నిషేధం, కాబట్టి కొండమీద పనికి వెళ్ళే కాలనీవాళ్ళ చేతికి కరపత్రాలు ఇచ్చి పంపకండి, ఇబ్బంది పడేది వాళ్ళు. విదేశీ విరాళం ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. అనుమతి ఉన్న సంస్థ ఆ డబ్బును ఇంకో సంస్థకు మళ్ళించడమూ 2020 సవరణ తర్వాత కుదరదు.

ఆరు నెలలకోసారి నోటుబుక్కు తెరిచి, ఇంకా ఖాళీగా ఉన్న గడుల ఇళ్ళకు ముందు వెళ్ళండి.